వరల్డ్ టైమ్ వాచ్: లక్షలు పోసి కొన్నా సెకన్ల తేడానా..? ఏది సహజం, ఏది లోపం?

లక్షల రూపాయలు పోసి కొన్న వాచ్.. ఫోన్‌తో పోల్చి చూస్తే రోజుకు నాలుగైదు సెకన్లు తేడా. డయల్‌పై నగరం పేరు, గంట అంకె ఒకే వరుసలో లేవు. ఇండియా టైమ్ చూద్దామంటే మన నగరం పేరే కనిపించదు. ఖరీదైన మెకానికల్ వరల్డ్ టైమ్ వాచ్ కొన్నవాళ్లకు వచ్చే అనుమానాలివి. నిజానికి వీటిలో చాలావరకు లోపాలు కావు. ఆ సంగతి తెలియక బాగున్న వాచ్‌ను పదేపదే విప్పిస్తే డబ్బు ఖర్చే కాదు, వాచ్‌కూ ముప్పే.

అసలు ఎలా పనిచేస్తుంది?

జెనీవాకు చెందిన వాచ్ మేకర్ లూయీ కొటియే 1931లో ఈ తరహా మెకానిజాన్ని రూపొందించారు. డయల్ చుట్టూ రెండు రింగులు ఉంటాయి. ఒకదానిపై 24 నగరాల పేర్లు, మరోదానిపై 24 గంటల అంకెలు. అంకెల రింగ్ రోజుకు ఒక చుట్టు తిరుగుతుంది. నగరం ఎదురుగా ఏ అంకె ఉంటే అక్కడ ఆ గంట అన్నమాట. నిమిషాల ముల్లు మాత్రం అన్ని నగరాలకూ ఒక్కటే.

అంకె పక్కకు జరిగిందా?

ఈ రింగ్ గంటకోసారి దూకదు, మెల్లగా కదులుతూనే ఉంటుంది. కాబట్టి ఆరున్నరకు అంకె రెండు నగరాల మధ్య కనిపించడం సహజమే. సరిగ్గా గంట కొట్టే సమయానికి చూడాలి. అప్పుడూ వెంట్రుకవాసి తేడా ఉంటే కంగారు అక్కర్లేదు. పళ్ల చక్రాల మధ్య కొంచెం సందు లేకపోతే అవి తిరగలేవు. ఆ సందే డయల్‌పై తేడాగా కనిపిస్తుంది.

సెకన్ల తేడా ఎంతవరకు ఓకే?

స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇచ్చే సీఓఎస్‌సీ సంస్థ ఒక్కో మూవ్‌మెంట్‌ను 15 రోజులు పరీక్షిస్తుంది. సగటున రోజుకు 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకు వరకు అనుమతిస్తుంది. రోజుకు 86,400 సెకన్లు. అందులో 6 అంటే 0.01 శాతం కూడా కాదు. ఉష్ణోగ్రత, వాచ్ పెట్టిన తీరు, కీ ఎంత ఉందన్నదాన్ని బట్టి ఈ తేడా మారుతుంది.

మరి ఇండియా టైమ్?

మన టైమ్ గ్రీన్‌విచ్ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. 24 నగరాల వాచ్‌లో అరగంట జోన్లకు చోటు లేదు. అందుకే కరాచీ టైమ్ చూసి 30 నిమిషాలు కలుపుకోవాలి. కరాచీలో 9:10 అయితే మనకు 9:40. వాషెరాన్ కాన్‌స్టాంటిన్ లాంటి కంపెనీలు 37 టైమ్ జోన్లు చూపే వాచ్‌లు కూడా తెచ్చాయి.

ఇంకో లెక్క కూడా ఉంది. అమెరికాలో చాలాచోట్ల మార్చి నుంచి నవంబర్ మొదటి ఆదివారం వరకు గడియారాలు గంట ముందుకు జరుపుతారు. చాలా వాచ్‌లకు ఈ మార్పు తెలియదు. పిల్లలు అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ గంట లెక్క అలవాటే.

ఎప్పుడు సర్వీస్‌కు ఇవ్వాలి?

* ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతుంటే.. స్పీకర్లు, మాగ్నెట్ ఉన్న ఫోన్ కవర్ల వల్ల అయస్కాంత ప్రభావం పడి ఉండొచ్చు. దీన్ని తొలగించడం చిన్న పనే.
* బటన్ నొక్కినప్పుడు నగరాల రింగ్ మధ్యలో ఆగిపోతే.
* గంటల ముల్లు చూపే టైమ్‌కు, 24 గంటల రింగ్‌కు గంట తేడా వస్తే.
* అద్దం లోపల తేమ కనిపిస్తే.

సెకన్ల విషయంలో ఒక్కరోజు తేడా చూసి నిర్ణయానికి రావొద్దు. వారం పాటు రోజూ ఒకే సమయానికి ఫోన్‌తో పోల్చి రాసుకుని సగటు తీయాలి. అది కంపెనీ చెప్పిన పరిధిలోనే ఉంటే వాచ్‌ను విప్పించాల్సిన పనిలేదు.