బి.పి. మాత్ర పడకపోతే మానేయాలా?

రక్తపోటు ఉన్నవారిలో చాలామందికి ఏ బాధా తెలియదు. తలనొప్పి ఉండదు, పొలం పని ఎప్పటిలాగే సాగుతుంది. మాత్ర మొదలుపెట్టిన తరువాతే ఏదో ఒక ఇబ్బంది కనిపిస్తుంది. "జబ్బు కంటే ఈ గోలీలే నయం కాదు సారూ" అని కొందరు మానేస్తారు. కొన్ని నెలలు ఏమీ కాదు. ఆ తరువాత ఒకనాడు కాలూ చెయ్యీ పడిపోయి, మాట తడబడి ఆసుపత్రికి వస్తారు. మానేసిన మాత్రకూ ఈ పక్షవాతానికీ సంబంధం ఉందని ఇంటివారికి తోచదు.

దేశంలో రక్తపోటు నియంత్రణ పథకం 2017లో ఐదు రాష్ట్రాలలో మొదలైంది. వాటిలో తెలంగాణ ఒకటి. మాత్రలు ఊరి దగ్గరకే వస్తున్నాయి. వాటిని మానకుండా వాడటమే ఇప్పుడు కష్టమవుతోంది. కనుక ఏ మాత్రతో ఏ ఇబ్బంది వస్తుందో తెలుసుకుందాం.

కాళ్ల వాపు: ఇది ఎక్కువగా ఆమ్లోడిపిన్ వల్ల వస్తుంది. ఈ మందు సన్నని రక్తనాళాలను వదులు చేస్తుంది. దానితో కొంత నీరు చీలమండల దగ్గర చేరుతుంది. సాయంత్రానికి పెరిగి, పడుకుని లేచేసరికి తగ్గుతుంది. దీన్ని చూసి కిడ్నీలు చెడిపోయాయని భయపడనక్కరలేదు. 5 మి.గ్రా. కంటే 10 మి.గ్రా. మోతాదులో వాపు ఎక్కువ. మోతాదు తగ్గించి టెల్మిసార్టాన్ కలిపితే చాలామందికి సర్దుకుంటుంది. అయితే ముఖం వాచినా, ఆయాసం వచ్చినా, ఒక్క కాలే వాచినా వెంటనే చూపించుకోవాలి.

పొడి దగ్గు: ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవారిలో కొందరికి గొంతులో గరగరతో దగ్గు పట్టుకుంటుంది. ఎన్ని సిరప్పులు తాగినా తగ్గదు. మందు మారిస్తే సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలలో పోతుంది. కఫం, జ్వరం, బరువు తగ్గడం ఉంటే మాత్రం క్షయ పరీక్ష చేయించాలి. పెదవులు, నాలుక వాస్తే ఆ మాత్ర ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి.

కళ్లు తిరగడం: కూర్చున్నవారు లేచినప్పుడు చీకట్లు కమ్మినట్లుంటుంది. మానుకోట మిరప చేలలో వంగి కాయ కోసేవారు, భూపాలపల్లి ఓపెన్ కాస్ట్ గనుల్లో ఎండన పనిచేసేవారు, జనగామ వైపు తాళ్లెక్కే గీత కార్మికులు ఈ విషయం డాక్టరుకు తప్పక చెప్పాలి. చెట్టు మీద కళ్లు తిరిగితే ప్రాణానికే ముప్పు. మందు మొదలుపెట్టిన కొత్తలో, మోతాదు పెంచినప్పుడు అలాంటి పని కొన్నాళ్లు ఆపడం మంచిది. మంచం మీద నుంచి మెల్లగా లేవండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అదే రోజు డాక్టరును కలవండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని మాత్రలు కిడ్నీలకు హాని చేస్తాయి.

నీరసం, పిక్కలు పట్టేయడం: క్లోర్తాలిడోన్ వంటి నీరు పోయించే మాత్రల వల్ల సోడియం, పొటాషియం తగ్గి ఇలా అవుతుంది. రక్తపరీక్షతో తెలుస్తుంది. ఈ మాత్ర పొద్దున వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు. అటెనొలాల్ వంటివి నాడిని నెమ్మది చేస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి పనికిరావు. వీటిని ఉన్నట్టుండి మానితే గుండెనొప్పి రావచ్చు.

సంసార జీవితంలో పటుత్వం తగ్గిందని కొందరు మగవారు సిగ్గుతో మాత్ర మానేస్తారు. నీరు పోయించే మాత్రలు, అటెనొలాల్ వంటివి దీనికి కారణం కావచ్చు. చెబితే వేరే మందు ఉంది. గర్భం కోరుకునే స్త్రీలు ముందే డాక్టరుకు చెప్పాలి. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ గర్భిణులకు కూడవు.

మరో సంగతి. మోకాళ్ల నొప్పికి వేయించుకునే డైక్లోఫినాక్ సూదులు, బిళ్లలు రక్తపోటును పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ కొంత మేలు. సోడియం తగ్గించిన ఉప్పులో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్ వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా దాన్ని వాడరాదు. ఆవకాయ, అప్పడాలు తగ్గించుకుంటే తక్కువ మాత్రతోనే పని జరగవచ్చు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు "తెల్లగోలీ" అనకుండా, వాడుతున్న మాత్రల అట్టలన్నీ తీసుకురండి. బాధ ఎప్పుడు మొదలైందో చెప్పండి. ప్రభుత్వ వైద్య కళాశాలలు మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో మొదలయ్యాయి. ప్రతిదానికీ వరంగల్ బస్సెక్కనక్కరలేదు. రక్తపోటు 140/90 లోపు ఉండాలి. అది తగ్గిందంటే జబ్బు పోయిందని కాదు, మాత్ర పనిచేస్తోందని అర్థం. ఒక మాత్ర పడకపోతే పడే మాత్ర మరొకటి దొరుకుతుంది. పక్షవాతంతో పడిపోయిన చెయ్యి మాత్రం మళ్లీ మునుపటిలా లేవకపోవచ్చు.