రిలీజు ఎప్పుడు, అంజన్నా?

పోస్టరు పడింది. హీరో పేరు పడింది. బడ్జెట్టు ఎంతో కూడా పెద్ద అక్షరాల్లో పడింది. ఇక బొమ్మ పడటమే తరువాయి! కానీ అదొక్కటే పడదు. వారాలు పోతాయి, పండగలు పోతాయి, సంవత్సరాలు పోతాయి. అభిమాని మాత్రం హాలు గేటు దగ్గరే నిలబడి ఉంటాడు.

ఇదేదో ఆగిపోయిన సినిమా గురించి అనుకుంటున్నారా? కాదండీ! ఇది కొండగట్టు సంగతి.

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో, సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఈ కొండ. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా. 2016లో కొత్త జిల్లాలు వచ్చాక జగిత్యాల జిల్లా, మల్యాల మండలం. పైన వెలిసినవాడు ఆంజనేయస్వామి. ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా మాత్రం "కొండగట్టు అంజన్న" అనే అంటారు. తప్పిపోయిన పశువును వెతుక్కుంటూ వచ్చిన సింగం సంజీవుడనే పశులకాపరికి స్వామి కనిపించాడని స్థలపురాణం. మంగళవారం, శనివారం జనం. చైత్ర పౌర్ణమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. ఆ రోజుల్లో దీక్ష విరమించే స్వాములు లక్షల్లో వస్తారు. కొండ కొండంతా కాషాయమే!

అలాంటి చోట, ఏటా వచ్చేవాళ్ల నోట ఏటా వినిపించే మాట ఒకటుంది. "ఇంకా గిట్లనే ఉన్నదేంది?" గదులు చాలవు, నీడ చాలదు, దారి చాలదు. మరి ఈ అసహనాన్ని ఎవరు ఓదార్చాలి? ఎలా ఓదార్చాలి? మన పత్రిక పాఠకులకు ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. అభిమాన తార సినిమా వాయిదా పడ్డప్పుడల్లా మనల్ని మనం వేసుకునే ప్రశ్నే కదా ఇది!

సినిమావాళ్ల కొండ

కొండగట్టుకూ వెండితెరకూ చుట్టరికం ఉంది. 2009లో ప్రజారాజ్యం ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ జిల్లాకు వచ్చిన పవన్ కల్యాణ్ కరెంటు తీగ ప్రమాదం నుంచి బయటపడ్డాడు. అది కొండగట్టు అంజన్న దయేనని ఆయన చాలాసార్లు చెప్పుకున్నాడు. 2023 జనవరి 24న తన ప్రచార రథం 'వారాహి'కి ఇక్కడే పూజ చేయించాడు. ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి అయ్యాక 2024 జూన్ 29న మళ్లీ వచ్చి మొక్కు తీర్చుకున్నాడు.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. యాదాద్రి గుడిని మళ్లీ కట్టినప్పుడు దానికి రూపురేఖలు దిద్దినవాడు సినిమా కళాదర్శకుడు ఆనంద్ సాయి. సెట్లు వేసిన చెయ్యి రాతిగుడికి గీతలు గీసింది! కొండగట్టు కొత్త రూపం బాధ్యత కూడా ఆయనకే అప్పగించారు. హీరో, కళాదర్శకుడు ఇద్దరూ మనవాళ్లే. ఇక అభిమానుల ఆశలకు హద్దేముంటుంది?

అంకెల పోస్టరు

2022 డిసెంబరు 7న జగిత్యాల సభలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కొండగట్టుకు 100 కోట్లు ప్రకటించారు. 2023 ఫిబ్రవరి 15న స్వయంగా కొండెక్కి, అంతా తిరిగి చూసి, మరో 500 కోట్లు ఇస్తామన్నారు. మొత్తం 600 కోట్లు! యాదాద్రి తరవాత అంతటి కొండ ఇదేనని జనం సంబరపడ్డారు. ఆ ఏడాది డిసెంబరులోనే ప్రభుత్వం మారిపోయింది. అనుకున్న కొండ కాగితం మీద ఉండిపోయింది. ఉన్న కొండ ఉన్నట్టే ఉంది.

తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం నుంచి 35.19 కోట్లు మంజూరయ్యాయి. 96 గదుల సత్రం, దీక్ష విరమణ మండపం కట్టడానికి 2026 జనవరి 3న పవన్ కల్యాణ్ చేతుల మీదుగా శంకుస్థాపన జరిగింది.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. 600 ఎక్కడ? 35 ఎక్కడ? అంకెల్లో చూస్తే రెండోది చాలా చిన్నది. కానీ ఆ చిన్న అంకెలో లెక్కపెట్టుకోగల వస్తువుంది. 96 గదులు! ఇవాళ ఎన్ని గోడలు లేచాయో కొండకొచ్చిన ప్రతి స్వామీ తన కళ్లతో చూసుకోవచ్చు. ఆరు వందల కోట్లను ఎవరు లెక్కపెడతారు? ఎక్కడ నిలబడి లెక్కపెడతారు? జనానికి కోపం తెప్పించేది పని చిన్నదవడం కాదు. ఎంతవరకు వచ్చిందో తెలియకపోవడం.

ఎందుకింత ఆలస్యం?

కోప్పడే ముందు కొండ తరఫున కూడా ఒక మాట చెప్పుకోవాలి.

పాత హాలును బాగుచేయాలంటే నాలుగు నెలలు మూసేస్తారు. కుర్చీలు పీకేస్తారు, తెర మారుస్తారు, మళ్లీ తీస్తారు. గుడిని అలా మూయడం కుదరదు కదా! ఒక్క మంగళవారం మూసినా ఎన్ని ఊళ్ల మొక్కులు ఆగిపోతాయి? యాదాద్రిలో ప్రధానాలయం పనులు జరిగినన్నాళ్లూ బాలాలయం కట్టి అక్కడ పూజలు నడిపారు. అలా నడుపుతూనే, 2016లో మొదలైన పని 2022 మార్చి 28న ప్రధానాలయం తెరిచేదాకా సుమారు ఆరేళ్లు పట్టింది. అదీ ప్రభుత్వం పట్టుదలగా కూర్చుంటే!

పైగా ఇది రాతికొండ. చుట్టూ అడవి. నేల చదును చేసి పునాది తవ్వేద్దామంటే కుదరదు. ఏ గోడ ఎక్కడ లేవాలో ఆగమశాస్త్రం చెప్పాలి, ఏ బిల్లు ఎప్పుడు కదలాలో సర్కారు శాస్త్రం చెప్పాలి. ఆటు నడుస్తుండగానే హాలు మార్చమన్నట్టుంటుంది వ్యవహారం. ఇది మెల్లగా జరిగే పనే. ఒప్పుకుందాం.

మరి మెల్లగా జరిగే పనే అయినప్పుడు ఆ సంగతి ముందే చెప్పాలా, వద్దా? అసలు చిక్కంతా అక్కడే ఉంది.

రెండు సినిమాలు, రెండు నిరీక్షణలు

మనకు బాగా తెలిసిన ఉదాహరణలు రెండు చూద్దాం.

'బాహుబలి' షూటింగు 2013 జూలై 6న కర్నూలు రాక్ గార్డెన్స్‌లో మొదలైంది. మొదటి భాగం 2015 జూలై 10న విడుదలైంది. రెండేళ్లు! ఒక హీరో అన్నాళ్లు తెరకు దూరంగా ఉంటే అభిమానులు ఊరుకుంటారా? ఊరుకున్నారు. ఎందుకని? తారల పుట్టినరోజులకు మేకింగ్ వీడియోలు వదిలారు. కత్తి ఎలా పట్టిస్తున్నారు, కోట ఎలా కడుతున్నారు, గుర్రం మీద ఎలా కూర్చోబెడుతున్నారు, అన్నీ చూపించారు. "ఇంకా కాలేదు" అని చెప్పడానికి కూడా ఒక పద్ధతుంటుంది. అది వాళ్లకు తెలిసింది. ఎదురుచూసేవాడికి పనిలో భాగం దక్కింది.

'హరిహర వీరమల్లు' సంగతి చూడండి. 2021 మార్చిలో మొదటి రూపం చూపించి 2022 సంక్రాంతికి వస్తున్నామన్నారు. వచ్చింది 2025 జూలై 24న. మధ్యలో కోవిడ్ వచ్చింది, ఎన్నికలు వచ్చాయి, దర్శకుడు కూడా మారాడు. క్రిష్ మొదలుపెట్టిన సినిమాను జ్యోతికృష్ణ పూర్తి చేశాడు. కారణాలు కొట్టిపారేయవలసినవేమీ కావు. అయితే తేదీ చెప్పడం, తేదీ మారడం, మళ్లీ తేదీ చెప్పడం... ఇది నాలుగుసార్లు జరిగేసరికి అభిమాని తేదీని నమ్మడం మానేస్తాడు. ఆ తర్వాత నిజమైన తేదీ చెప్పినా "సరేలే, చూద్దాం" అంటాడు. ఆ "సరేలే" ఉంది చూశారూ, అది తిట్టుకన్నా ప్రమాదం!

కొండగట్టు ఈ రెండు దారుల్లో ఏది పట్టాలో చెప్పడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. నెలకొకసారి కొండ కింద ఒక బోర్డు పెట్టండి. ఈ నెల ఏం జరిగింది, ఏం ఆగింది, ఎందుకు ఆగింది, వచ్చే నెల ఏం చేస్తాం. నాలుగు వాక్యాలు చాలు. బిల్లు రాకపోతే రాలేదనే రాయండి. రీలు తెగినప్పుడు హాలంతా ఈలలు వేస్తుంది, నిజమే. కానీ ఆపరేటరు తల బయటపెట్టి "అయిపోయింది, రెండే నిముషాలు" అంటే ఆ ఈలలే నవ్వులవుతాయి. ఎవరూ తల బయటపెట్టకపోతేనే కుర్చీలు విరుగుతాయి.

ఓపిక అడగకూడని చోటు

అయితే ఓపిక పట్టమని ఎక్కడపడితే అక్కడ అడగడానికి వీల్లేదు. ఈ మాట కొండగట్టుకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

2018 సెప్టెంబరు 11, మంగళవారం. కొండ ఘాట్ రోడ్డు దిగుతున్న ఆర్టీసీ బస్సు అదుపు తప్పి లోయలో పడిపోయింది. బస్సులో వందమందికి పైగా ఉన్నారు. 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెలవాళ్లే. దేశంలో జరిగిన ఘోరమైన బస్సు ప్రమాదాల్లో అదొకటి. ఆ రోజు చీకటి పడ్డాక ఆ ఊళ్లలో పొయ్యి వెలిగించని ఇళ్లెన్నో!

అందుకే సణుగుడంతా ఒకటే జాతి అనుకోకూడదు. రాజగోపురం ఆలస్యమైతే ఓపిక పట్టవచ్చు. కొత్త సత్రం ఏడాది ఆలస్యమైతే చెట్టు కింద పడుకోవచ్చు. కానీ దారి, బ్రేకు, మలుపు, జాతరనాటి తొక్కిసలాట, తాగేనీళ్లు, కరెంటు తీగలు... ఈ విషయాల్లో "మాస్టర్ ప్లాన్ వస్తోంది, అందులో అన్నీ ఉంటాయి" అనడం జవాబు కాదు. పెద్ద సెట్టు పూర్తయ్యేదాకా ఫైటు మాస్టరు తాడు కట్టకుండా హీరోను దూకమంటాడా? తాడు ముందు. సెట్టు తర్వాత.

ఫిర్యాదు వచ్చినప్పుడు బాధ్యత గలవాళ్లు మొదట తేల్చుకోవలసింది ఇదే. ఇది అందం గురించా, సౌకర్యం గురించా, ప్రాణం గురించా? మొదటిదానికి కారణం చెప్పండి. రెండోదానికి తేదీ చెప్పండి. మూడోదానికి మాటలొద్దు, మనిషిని పంపండి.

అరిచేవాడు మనవాడే

ఇంకొక్క సంగతి. "వీళ్లకెంత చేసినా ఇంతే, ఎప్పుడూ అరుపే" అని విసుక్కునే పెద్దలుంటారు. వాళ్లు మన హాళ్లను ఒకసారి చూడాలి. సినిమా నచ్చని మామూలు ప్రేక్షకుడు ఇంటర్వెల్లులో లేచి వెళ్లిపోతాడు, మళ్లీ రాడు. చివరిదాకా కూర్చుని, బయటకొచ్చి, గంటసేపు గొడవపడేవాడెవడు? అభిమాని! వచ్చే సినిమాకు మొదటి టిక్కెట్టు కొనేవాడూ వాడే. ఏటా మాల వేసుకుని నడిచొచ్చే స్వామి "గదుల్లేవు" అంటున్నాడంటే వచ్చే ఏడు కూడా వస్తానని చెబుతున్నాడన్నమాట. భయపడవలసింది అతను అరవడం మానేసిన రోజు.

అలాగని భక్తులందరి కోరికా ఒకటే అనుకోకండి. కుర్రకారుకు వెడల్పు రోడ్లు కావాలి, దీపాలు కావాలి, ఫోటోకు బాగుండాలి. పాతకాలం వాళ్లు కొందరికి మెట్ల దారి కావాలి, కోతులు కావాలి, "మా తాత జూసిన గుడి" అలాగే ఉండాలి. మొత్తం మార్చేస్తే వాళ్లకది పరాయి కొండ అయిపోతుంది. పాత చిత్రానికి రంగులద్దితే కొందరు చప్పట్లు కొడతారు, కొందరు కళ్లు తుడుచుకుంటారు. ఇద్దరిదీ ప్రేమే. కాబట్టి గీతలు గీసేవాళ్లు ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకసారి అడగాలి. కట్టాక కాదు, కట్టకముందు!

మరి మన వంతు? సోదరులారా, హీరో వచ్చిన రోజున కొండ నిండేలా వెళ్లడం గొప్పే, కాదనం. హీరో రాని మంగళవారం నాడు కూడా ఒకసారి వెళ్లండి. పెద్ద జయంతికి వరుసలో ఉన్న ముసలామెకు మంచినీళ్లివ్వండి. "ఎప్పుడైతది?" అని గాలిలో అరవడం కన్నా, "96 గదుల్లో ఎన్ని లేచినయి సారూ?" అని ఆఫీసులో అడగండి. ప్రశ్న చిన్నదైతే తప్పించుకోవడం కష్టం. జవాబు వస్తే నలుగురికీ చెప్పండి. రాకపోతే వచ్చే మంగళవారం మళ్లీ వెళ్లి అదే ప్రశ్న, అదే మర్యాదతో!