ఒక గడ్డి – రెండు వంశములు

చంద్రునిలోని మచ్చను కుందేలుగా నెంచి మనవారు ఆయనను శశాంకుడనిరి. దూరమున నున్న మెక్సికో దేశపు ప్రాచీనులును చంద్రబింబమున కుందేలునే చూచిరి. ఆ దేశపు కుందేళ్ళలో ఒక జాతి నేడు భూమిమీద నిలుచుటయే కష్టమైన స్థితిలో నున్నది. దానికి తోడుగా ఒక చిన్న పాటపిట్టయు అదే ఆపదలో నున్నది.

మెక్సికో నగరమునకు దక్షిణమునను, ఆగ్నేయమునను అగ్నిపర్వతములు బారులు తీరియున్నవి. వాటి వాలులయందు ‘సకతోన్’ అను బిరుసైన గడ్డి దుబ్బులు దుబ్బులుగా పెరుగును. ఈ రెండు ప్రాణులకును అదియే ఇల్లు.

ఆ కుందేలును అచటివారు ‘తెపొరింగొ’ అందురు. బరువు ఇంచుమించు అరకిలో. చెవులు పొట్టివి, గుండ్రనివి. తోక పైకి కానరాదు. అపాయము తోచినప్పుడు సన్నగా కీచుమనును. కుందేళ్ళలో ఇది అరుదు. ఇది స్తన్యజీవులలో లెపోరిడే కుటుంబమునకు చెందినది. 1893లో శాస్త్రమున కెక్కినది.

పిట్ట పేరు సియెర్రా మాద్రె పిచ్చుక. 1931లో దీనికి శాస్త్రనామము వచ్చినది. పేరు పిచ్చుకయే గాని, మన చూరులలో గూడుకట్టు ఊరపిచ్చుక కుటుంబము వేరు, దీని కుటుంబము వేరు. ఇది గడ్డిదుబ్బులలో గూడుకట్టును. మగపిట్ట వాని కొనలపై కూర్చుండి పాడును.

వర్గీకరణమున ఒకటి చన్నుబాలు కుడుపునది, మరొకటి గ్రుడ్లు పెట్టునది. కాని ఒక పోలిక కలదు: కుందేలు రోమెరోలాగస్ ప్రజాతిలోను, పిట్ట జెనోస్పైజా ప్రజాతిలోను ఏకాకులు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము వారి ఎఱ్ఱపట్టికలోను రెండును ఒకే వరుసనున్నవి. అంతరించు ప్రమాదమున నున్న జాతులని వ్రాయబడినవి.

కారణము గడ్డియే. లేతచిగుళ్ళు పశువులకు మేత యగునని కాపరులు దానిని తగులబెట్టుదురు. రైతులు దున్ని బంగాళాదుంపలు, ఓట్లు పండింతురు. వారిది దౌష్ట్యము కాదు, జీవనము. కుందేలును వేటాడరాదని చట్టము కలదు. దాని అంతర్జాతీయ వ్యాపారము నిషిద్ధము. కాని వేటగానిని ఆపు చట్టము అగ్గిపుల్లను ఆపజాలదు. గడ్డి కాపాడబడినగాని కుందేలు బ్రతుకదు, పిట్ట పాడదు. కాపరికి వేరొక మేతదారి చూపక గడ్డిని కాపాడుటయు సాధ్యము కాదు.

పలు జాతులుగల ప్రజాతిలో ఒకటి నశించినచో జ్ఞాతులైనను మిగులుదురు. వీటికి జ్ఞాతులు లేరు. ఇవి పోయిననాడు రెండు వంశములే ముగియును.