60 దాటితే అదిరే పాత బండి

మదనపల్లె: ఊరిదారిలో 40లో పోయినంతసేపు ఆ బండికి ఏ రోగమూ ఉన్నట్టు తెలియదు. 42వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ముల్లు 60 దాటిందంటే స్టీరింగు వణకడం మొదలవుతుంది. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి పోయే ఈ రోడ్డు మీద పాత జీపులు, టెంపోలు, పికప్పులు నడిపేవారిలో చాలామంది ఈ అదురుకు అలవాటు పడిపోతారు. అలవాటు పడకూడనిది సరిగ్గా దీనికే. అదురును అలాగే వదిలేస్తే బేరింగులు అరుగుతాయి, చక్రం నట్లు వదులవుతాయి. వెనుక టమోటా పెట్టెలే కాదు, ఒక్కోసారి వాటిపైన కూలీలూ ఉంటారు.

40లో లేని అదురు 80లో ఎందుకు వస్తుంది? ఆ వేగంలో జీపు చక్రం సెకనుకు సుమారు 10 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున ఒకవైపు 30 గ్రాముల బరువు ఎక్కువున్నా, ప్రతి చుట్టుకూ 2 కిలోలకు పైగా బలంతో లాగుతుంది. 40లో అది నాలుగో వంతే కాబట్టి చేతికి తెలియదు.

ఆ 30 గ్రాములు చాలాసార్లు బురదే. వాన పడినప్పుడు తోటలోకి పోయివచ్చిన బండికి రిమ్ము లోపలి వైపు ఎర్రమట్టి పట్టి ఎండిపోతుంది. బండి కడిగేవారు బయటి వైపే కడుగుతారు. షెడ్డుకు పోయేముందు బిందెడు నీళ్లు, ఒక పుల్లతో లోపల గీకి చూస్తే ఖర్చు లేకుండానే తేలిపోవచ్చు. అప్పటికీ తగ్గకపోతే టైరు ఎక్కడైనా ఉబ్బిందా, రిమ్ము వంగిందా చూడాలి. ఉబ్బిన టైరుతో పెద్దరోడ్డు ఎక్కనే కూడదు. చాలా రోజులు కదలకుండా నిలబెట్టిన బండి మొదటి కొన్ని మైళ్లు అదిరి, టైరు వేడెక్కాక సర్దుకుంటే కంగారు అక్కరలేదు.

ఎక్కడ అదురుతోంది?

స్టీరింగు వణికితే సాధారణంగా లోపం ముందు చక్రాలది. సీటు, కింది రేకు అదిరితే వెనుక చక్రాలదో, ప్రొపెల్లర్ షాఫ్టుదో. బ్రేకు నొక్కినప్పుడే వస్తే డ్రమ్ము గుండ్రం తప్పిందేమో చూడాలి. బండిని నిలబెట్టి ఇంజనును రేజు చేసినా అదిరితే చక్రాలను తిట్టి లాభం లేదు. ఇంజను కింది రబ్బరు మౌంటింగులు చూడాలి.

ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. లూజు కనిపిస్తే ఒకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి. లూజు పోతే బేరింగుది, పోకపోతే పాత జీపుల్లో కింగ్ పిన్నుది. పక్కలకు మాత్రమే ఆడితే టై రాడ్ ఎండ్లు అరిగినట్టు. ఇవి చూడకుండా నేరుగా వీల్ బ్యాలెన్సింగుకు పోతే డబ్బు దండగ. అరిగిన పిన్నును సీసం ముక్కలు బాగుచేయలేవు.

ప్రొపెల్లర్ షాఫ్టు సంగతి వేరు. అది చక్రం కంటే మూడు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది కనుక దాని అదురు సన్నగా, జుమ్మని వస్తుంది. గేరు వేయగానే టక్కుమంటే క్రాసు అరిగిందని అనుమానించాలి. గ్రీజు పెట్టక చెడిపోయే క్రాసులే ఎక్కువ. షాఫ్టు విప్పేముందు రెండు ముక్కల మీదా సుద్దతో గీత పెట్టుకోవాలి. గీతలు కలపకుండా బిగిస్తే, కొత్త క్రాసు వేసినా బండి అదురుతూనే ఉంటుంది. చక్రాలు విప్పి బిగించినప్పుడు నట్లను ఎదురెదురుగా బిగించి, 50 కిలోమీటర్లు నడిచాక మరోసారి స్పానరు వేసి చూసుకోవాలి.