3018 సీఎన్‌సీతో ఇంట్లోనే అల్యూమినియం కటింగ్: స్పెక్స్ కంటే సెటప్పే ముఖ్యం

3డీ ప్రింటర్ మీద చేయి తిరిగినవాళ్ల చూపు తర్వాత పడేది సీఎన్‌సీ మిల్లు మీదే. ఆ దారిలో చాలామంది ముందు కొనేది '3018' కిట్. పేరులోనే సైజు ఉంది: 300 × 180 మి.మీ. పని ప్రదేశం, ఎత్తులో సుమారు 45 మి.మీ. నేను వాడేదీ అదే. "ఇది అల్యూమినియం కోస్తుందా?" అని అడిగితే నా జవాబు: కోస్తుంది, కానీ బాక్స్‌లోంచి తీసి బోల్టులు బిగించేసినంత మాత్రాన కోయదు. స్టీల్ సంగతి మాత్రం మర్చిపోండి.

కారణం సింపుల్. 3డీ ప్రింటర్ నాజిల్‌కి ఎదురు తోసేది పెద్దగా ఏమీ ఉండదు. మిల్లింగ్‌లో అలా కాదు, కట్టర్ లోహాన్ని ఎంత తోస్తే లోహం ఫ్రేమ్‌ని అంతే తోస్తుంది. ఫ్యాక్టరీల్లోని మిల్లింగ్ సెంటర్లు ఆ తోపుని టన్నుల బరువున్న పోత ఇనుముతో తట్టుకుంటాయి. మన మెషీన్ ఒంటి చేత్తో ఎత్తేయొచ్చు! ఫ్రేమ్ వణికిందంటే పార్ట్ మీద అలల్లాంటి గీతలు పడతాయి, బిట్టూ విరుగుతుంది. కాబట్టి సెటప్ అంతా ఆ వణుకుని తగ్గించడానికే అనుకోండి.

ముందు ఫ్రేమ్. మంచం మీదో నేల మీదో కూర్చుని బిగించొద్దు. గ్రానైట్ షాపులో కిచెన్ గట్లకు కోయగా మిగిలిన ముక్క ఒకటి తెచ్చుకోండి. దాదాపు చదునుగా ఉంటుంది, బరువుగా ఉంటుంది, తర్వాత మెషీన్ కిందే ఉంచేయొచ్చు. బోల్టులు సగం బిగించి, రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానంగా వస్తేనే చదరం కుదిరినట్టు. అప్పుడు ఫుల్‌గా టైట్ చేయాలి.

ఇక అసలు కథ ట్రామింగ్. అంటే స్పిండిల్ బెడ్‌కి సరిగ్గా నిట్టనిలువుగా ఉందో లేదో చూడటం. వీడియోల్లో చాలామంది దీన్ని దాటేస్తారు, నా లెక్కలో మాత్రం సగం మార్కులు దీనికే. పవర్ తీసేసి, కోలెట్‌లో ఎల్ ఆకారంలో వంచిన గట్టి కడ్డీ బిగించి, స్పిండిల్‌ని చేత్తో మెల్లగా తిప్పండి. కడ్డీ కొన కింద నాలుగు వైపులా ఒకే కాగితం ఒకే బిగువుతో జారాలి. డయల్ గేజ్ ఉంటే ఇంకా మంచిది. ఒక వైపు తేడా వస్తే స్పిండిల్ మౌంట్ వెనక సన్నటి షిమ్ పెట్టాలి. కూల్‌డ్రింక్ క్యాన్ రేకు మందం దాదాపు 0.1 మి.మీ., అంటే ఫ్రీగా దొరికే షిమ్!

కంట్రోలర్‌లో ఉండేది సాధారణంగా జీఆర్‌బీఎల్ అనే ఫ్రీ ఫర్మ్‌వేర్. అందులో $100, $101, $102 అనేవి మూడు యాక్సిస్‌లకూ మి.మీ.కి ఎన్ని స్టెప్పులో చెప్పే సెట్టింగ్స్. మోటార్ ఒక చుట్టుకి 200 స్టెప్పులు, మైక్రోస్టెప్పింగ్ 16, లీడ్ స్క్రూ చుట్టుకి 4 మి.మీ. కదిలితే 200 × 16 ÷ 4 = 800. 100 మి.మీ. కదలమని చెప్పి కొలవండి. 99 వచ్చిందనుకోండి, వెంటనే నంబర్ మార్చేయకండి. స్క్రూ అంత తప్పుగా తయారవడం అరుదు. కప్లర్ స్క్రూ లూజో, నట్‌లో ఆట ఉందో ముందు చూడండి.

ఇప్పుడు కటింగ్. సింగిల్ ఫ్లూట్ కార్బైడ్ బిట్ తీసుకోండి. అల్యూమినియం గ్రేడ్ 6061 అయితే మేలు. ఊరూ పేరూ లేని మెత్తటి స్క్రాప్ బిట్‌కి అతుక్కుంటుంది. స్పీడ్ లెక్క ఇలా: స్పిండిల్ 10,000 ఆర్‌పీఎమ్, ఒక్కో చుట్టుకి 0.02 మి.మీ. చిప్ అనుకుంటే ఫీడ్ నిమిషానికి 200 మి.మీ. లోతు ఒక్కో పాస్‌కి 0.1 మి.మీ.తో మొదలుపెట్టండి. భయపడి ఫీడ్ మరీ తగ్గించినా కష్టమే. బిట్ కోయకుండా రుద్దుతుంది, వేడికి లోహం దానికే అంటుకుంటుంది. ఈ లెక్కన 3 మి.మీ. షీట్ తెగాలంటే 30 పాస్‌లు. అవుట్‌లైన్ పొడవు 100 మి.మీ. అయితే సుమారు పావుగంట. ఓపిక లేనివాళ్లకి ఈ మెషీన్ కాదు.

కటింగ్ ఆయిల్ బ్రష్‌తో ఒకటి రెండు చుక్కలు చాలు. బ్రష్డ్ మోటార్‌లో నిప్పురవ్వలు వస్తాయి కాబట్టి, మంట అంటుకునే స్ప్రేలేవీ దగ్గరికి రానివ్వకండి.

సేఫ్టీ విషయంలో బేరాల్లేవు. కళ్లద్దాలు తప్పనిసరి, మామూలు పవర్ గ్లాసెస్ సరిపోవు, పక్కల నుంచి కూడా మూసే సేఫ్టీ గ్లాసెస్ కావాలి. తిరిగే స్పిండిల్ దగ్గర గ్లవ్స్ వద్దు, చుట్టుకుంటే చేతినీ లాగేస్తుంది. చిప్స్‌ని నోటితో ఊదకండి, బ్రష్‌తో తీయండి. కంట్రోలర్ బోర్డు చాలా కిట్లలో తెరిచే ఉంటుంది. ఒక్క అల్యూమినియం చిప్ పడినా షార్ట్ అవుతుంది, కవర్ చేయండి. పవర్ కట్ చేసే స్విచ్ చేతికందేలా ఉండాలి. జాబ్ నడుస్తుంటే టీ కోసం కూడా లేవకండి.

మొదటి జాబ్‌గా ఫోన్ స్టాండ్ లాంటివి వద్దు. 20 మి.మీ. చదరం ఒకటి కోసి డిజిటల్ వెర్నియర్‌తో కొలవండి. ఎక్స్ వైపు సరిగ్గా ఉండి వై వైపు మాత్రం తేడా వస్తే, వై యాక్సిస్ నట్ దగ్గరికి వెళ్లండి.