ఓడే ఆటను విడిచి పోవచ్చునా?
సెల్‌ఫోన్ ఆట దగ్గర మొదలై వాలీబాల్ వల దాకా వచ్చిన తగువు

మాడుగులపల్లి: ఓడిపోతున్న ఆటను మధ్యలో వదిలి లేచిపోవడం తప్పా, కాదా? చూడబోతే ఇది పిల్లల తగువు. అయితే ఈ తగువు మూలంగానే మాడుగులపల్లి మండలంలోని ఒక గ్రామంలో సంక్రాంతి పోటీలకు వాలీబాల్ జట్టు కుదరడం కష్టమైంది. ఆరుగురు ఉండవలసిన జట్టులో అయిదుగురి పేర్లు ఒక్క పూటలో తేలిపోగా, ఆరో పేరు దగ్గర మాట తెగలేదు. ఆ కుర్రవాడు వల దగ్గర బంతిని ఎత్తి అందించడంలో దిట్ట. అయినా వాడు వద్దంటే వద్దని మిగతావారు పట్టుబట్టారు. కారణం వాలీబాల్ కాదు, సెల్‌ఫోన్ ఆట.

నలుగురిలో ఒకడు పోతే

నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి మీద ఉన్న మాడుగులపల్లి 2016లో మండల కేంద్రమైంది. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, వరి పొలాలు, మిర్యాలగూడ రైస్ మిల్లులు ఈ ప్రాంతపు బతుకుతెరువు. పొద్దుగూకగానే రచ్చకట్ట మీద, కిరాణా కొట్టు అరుగు మీద కుర్రకారు ఫోన్లు పట్టుకుని కూర్చోవడం ఇప్పుడు అన్ని ఊళ్లలో పరిపాటి. ఒకప్పుడు పబ్జీ ఆడేవారు. దానిని 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం నిషేధించగా, 2021లో బీజీఎంఐ పేరుతో అటువంటిదే మరొకటి వచ్చింది. 2022 జులైలో అది కూడా నిలిచిపోయి, 2023 మే నెలలో తిరిగి వచ్చిన సంగతి ఆడేవారందరికీ తెలిసిందే.

ఈ ఆటలో సుమారు 100 మంది ఒక దీవిలో దిగుతారు. నలుగురు ఒక దళంగా ఆడవచ్చు. దెబ్బ తిని పడిపోయినవాణ్ని తోటివాడు దగ్గరకు వచ్చి లేపవచ్చు. అక్కడే ఉన్నది కిటుకు. పడినవాడు విసుగెత్తి ఆట నుంచి బయటకు పోతే వాణ్ని లేపే వీలు లేదు. మిగతా ముగ్గురు నలుగురున్న దళాలతో తలపడవలసి వస్తుంది. ఈ కుర్రవాడు దెబ్బ తిన్నప్పుడల్లా మాయమవుతున్నాడని, తాము అరగంట కష్టపడి ఆడింది వాడి మూలంగా గంగపాలవుతున్నదని స్నేహితుల ఫిర్యాదు. "నడిమిట్ల ఇడిసిపెట్టి పోయేటోడు రేపు కోర్టుల మాత్రం నిలబడతడా?" అన్నది వారి ప్రశ్న.

కుర్రవాడి వాదన మరొకటి. వాడి చేతిలో ఉన్న ఫోన్ తండ్రిది. కోతల రోజుల్లో ఆ ఫోన్‌కు కోత మిషన్ వారు చేస్తారు, ట్రాక్టర్ వారు చేస్తారు, మిల్లు నుంచి చేస్తారు. తండ్రి అడిగితే ఆట ఏ దశలో ఉన్నా ఫోన్ ఇచ్చేయవలసిందే. అటువైపు ఉన్నవారికి మాత్రం ఫోన్ లాక్కున్నా, ఛార్జింగ్ అయిపోయినా, సిగ్నల్ పోయినా, కోపంతో ఆపేసినా ఒకే తీరుగా కనిపిస్తుంది. మనిషి ఉన్నట్టుండి లేకుండా పోతాడు. ఎందుకు పోయాడో ఆటకు తెలియదు.

తొండి అంటే ఇదేనా?

ఈ విషయం టీ హోటల్ దగ్గర పెద్దల చెవిన పడినప్పుడు వారికి తమ చిన్నతనం గుర్తుకు వచ్చింది. చిర్రగోనె ఆడేటప్పుడు తన వంతు చిర్రను తనివితీరా కొట్టి, ఎదుటివాడి వంతు రాగానే అమ్మ పిలుస్తున్నదంటూ ఇంటికి పరుగెత్తేవాడు ప్రతి వాడలోనూ ఒకడు ఉండేవాడు. గోలీలాటలో గెలిచినన్ని జేబులో వేసుకుని లేచిపోయేవాడు కూడా ఉండేవాడు. వాడికి తొండోడు అని పేరు పడేది. మరునాడు జట్లు పంచుకునేటప్పుడు వాణ్ని ఎవరూ కోరుకునేవారు కారు. అదే శిక్ష. అంతకు మించిన శిక్ష ఆ వయసులో లేదు కూడా.

ఇక్కడ ఒక సంగతి గమనించదగినది. అమ్మ నిజంగా పిలిచినప్పుడు వెళ్లినవాణ్ని ఎవరూ తొండోడు అనలేదు. పిలవకపోయినా పిలిచిందని చెప్పినవాణ్నే అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఇటువంటివారి కోసం పుట్టిందే.

నిబంధనలు ఏమంటున్నాయి?

తగువు పెరుగుతుండగా రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకరు కలగజేసుకుని వాలీబాల్ నిబంధన ఒకటి వివరించారు. అంతర్జాతీయ నియమావళి ప్రకారం ఒక జట్టు ఆడనని మొండికేస్తే మ్యాచ్ 0–3గా, ప్రతి సెట్ 0–25గా ఓడినట్టు నమోదు చేస్తారు. అంతవరకు సంపాదించిన పాయింట్లు కూడా దక్కవు. కానీ ఆటగాడు గాయపడి, బదులుగా దింపడానికి మరొకరు లేక జట్టులో ఆరుగురు నిలవలేని పరిస్థితి వస్తే లెక్క వేరు. అప్పుడు కూడా ఆట ఎదుటి జట్టుదే. అయితే అసంపూర్ణమైన జట్టు అప్పటిదాకా గెలుచుకున్న పాయింట్లు, సెట్లు దానికే ఉంటాయి.

ఓటమి రెండు చోట్లా ఓటమే. ఆడలేనివాడి కష్టాన్ని మాత్రం నిబంధన గుర్తించింది, ఆడనన్నవాడి కష్టాన్ని చెరిపివేసింది. ఈ మాట విన్న తరువాత వాదన కొంత చల్లబడింది. కుర్రవాడు ఆడలేకపోయాడా, ఆడనన్నాడా అన్నదే ఇక తేలవలసి ఉన్నది.

మెల్‌బోర్న్ గేటు దగ్గర

పెద్ద ఆటగాళ్లకు కూడా ఈ పరీక్ష తప్పలేదు. 1978 నవంబరు 3న పాకిస్తాన్‌లోని సాహివాల్‌లో జరిగిన ఒక్కరోజు క్రికెట్ మ్యాచ్‌లో భారత్ 14 బంతుల్లో 23 పరుగులు చేయవలసి ఉన్నది. చేతిలో 8 వికెట్లున్నాయి. సర్ఫరాజ్ నవాజ్ వరుసగా తలపై నుంచి పోయే బంతులు వేసినా అంపైర్లు వైడ్ ఇవ్వలేదు. కెప్టెన్ బిషన్ సింగ్ బేడీ తన బ్యాట్స్‌మెన్‌ను వెనక్కి పిలిచి మ్యాచ్‌ను వదులుకున్నాడు. బేడీ ఓడిపోతామని లేచిపోలేదు. న్యాయం జరగడం లేదని లేచిపోయాడు. ఆ పని అందరి ఎదుట, కారణం కనబడేలా చేశాడు. కనుకనే అతణ్ని పిరికివాడన్నవారు అరుదు.

1981 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ టెస్టులో దీనికి రెండో వైపు కనిపించింది. 70 పరుగుల దగ్గర లిల్లీ బంతికి తనను ఎల్‌బీడబ్ల్యూగా ప్రకటించడంతో మండిపడిన కెప్టెన్ సునీల్ గవాస్కర్, వెళుతూ వెళుతూ తోటి బ్యాట్స్‌మన్ చేతన్ చౌహాన్‌ను కూడా వెంటబెట్టుకుని నడిచాడు. చౌహాన్ గీత దాటి ఉంటే భారత్ మ్యాచ్‌ను వదులుకున్నట్టే అయ్యేది. జట్టు మేనేజర్ దురానీ గేటు దగ్గర ఎదురువచ్చి చౌహాన్‌ను తిరిగి ఆటకు పంపించారు. తరువాత జరిగింది అందరికీ తెలిసిందే. 143 పరుగులు చేస్తే గెలిచే ఆస్ట్రేలియా 83కే కుప్పకూలింది. కండరం పట్టేసిన కపిల్‌దేవ్ 28 పరుగులకు 5 వికెట్లు తీశాడు. హైదరాబాద్ స్పిన్నర్ శివలాల్ యాదవ్ ఆ మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. భారత్ 59 పరుగులతో గెలిచింది. ఆనాటి తన కోపం తప్పేనని గవాస్కర్ తరువాత ఒప్పుకున్నాడు. కోపం ఒక్కడిది, మ్యాచ్ పదకొండు మందిది.

చదరంగంలో తీరు వేరు

అయితే ఏ ఆటనైనా చివరిదాకా ఈడ్చవలసిందేనా అంటే, కాదు. చదరంగంలో ఓటమి ఖాయమని తెలిసినవాడు ఆట విరమించి చెయ్యి కలపడం నిబంధనే కాక మర్యాద కూడా. ఎదుటివాడికి గెలవడం వచ్చునని ఒప్పుకోవడమే అందులో ఉన్న గౌరవం. అక్కడ వెనుక చిక్కుకుపోయే తోటి ఆటగాడు ఎవరూ లేరు.

ఆ మర్యాదకు కూడా ఒక హద్దు ఉన్నది. 2022 సెప్టెంబరులో ప్రపంచ చాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్ అమెరికాలోని సింక్‌ఫీల్డ్ కప్‌లో హాన్స్ నీమన్ చేతిలో ఓడి, మరునాడే టోర్నీ నుంచి తప్పుకున్నాడు. కొద్ది రోజులకు ఇంటర్‌నెట్‌లో జరిగిన జూలియస్ బేర్ కప్‌లో అదే నీమన్‌పై ఒక ఎత్తు వేసి ఆట విరమించాడు. మన ఓరుగల్లు కుర్రవాడు అర్జున్ ఇరిగేశి ఫైనల్ దాకా వచ్చి కార్ల్‌సన్ చేతిలో ఓడింది ఆ టోర్నీలోనే. సరైన కారణం లేకుండా సింక్‌ఫీల్డ్ కప్ నుంచి తప్పుకున్నందుకు ప్రపంచ చదరంగ సమాఖ్య 2023 డిసెంబరులో కార్ల్‌సన్‌కు 10,000 యూరోల జరిమానా విధించింది. ఒక ఆటను విరమించడం అతడి ఇష్టం. కానీ టోర్నీలో ఒకరు తప్పుకుంటే మిగతా అందరి లెక్క తప్పుతుంది.

కంప్యూటర్ ఆటలు తయారుచేసేవారు కూడా ఈ చిక్కును గుర్తించారు. అయిదుగురేసి ఆడే లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆటలో ఓటమి ఒప్పుకోవడానికి జట్టులో ఓటింగ్ పెట్టవచ్చు. 20 నిమిషాల తరువాత అయిదుగురిలో నలుగురు సరే అంటే ఆట ముగుస్తుంది. చెప్పకుండా ఒక్కడే జారుకుంటే మాత్రం శిక్ష ఉన్నది. కలిసి ఒప్పుకుంటే ఓటమి, ఒంటరిగా పారిపోతే తప్పు అన్నమాట.

పైసలాటకు ఈ లెక్క చెల్లదు

ఇదిలా ఉండగా, మధ్యలో లేవరాదన్న నీతిని పైసల ఆటకు అంటగట్టడం ప్రమాదమని పెద్దలు హెచ్చరిస్తున్నారు. ఒకసారి అంతా పోగొట్టుకుని బయటపడిన ధర్మరాజు మళ్లీ పిలవగానే వెళ్లి కూర్చున్నందుకు అన్నదమ్ములు అడవుల పాలయ్యారు. పేకాటలో రమ్మీ ఆడేవారికి సైతం ముక్కలు బాగా లేకుంటే కొన్ని పాయింట్లు ఇచ్చుకుని తప్పుకునే వీలు ఉన్నది. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. పోయినది రాబట్టుకుందామని కూర్చున్నవాడి ఇంట్లోవారే అక్కడ తోటి ఆటగాళ్లు. వారిని విడిచిపెట్టకుండా ఉండాలంటే ఆటను విడిచిపెట్టవలసిందే.

చెప్పి పోవాలి

చివరకు ఆ గ్రామంలో తగువు తేలింది. నిలదీసి అడిగితే కుర్రవాడు దాచలేదు. ఎక్కువసార్లు తండ్రి ఫోన్ అడిగిన మాట నిజమేనని, కానీ రెండు మూడుసార్లు మాత్రం ఓడుతున్నామన్న కోపంతో తానే ఆపేశానని ఒప్పుకున్నాడు. అంతవరకు గట్టిగా మాట్లాడిన స్నేహితులు కూడా, వాడి చేతిలో ఉన్నది తండ్రి ఫోన్ అని తెలిసి కోతల కాలంలో పొడుగాటి ఆటకు పిలవడం తమ పొరపాటేనన్నారు. ఇకముందు పోవలసివస్తే ఒక్క మాట చెప్పి పోవాలని, చెప్పి పోయినవాణ్ని ఏమీ అనరాదని అనుకున్నారు. జట్టులో ఆరో పేరు వాడిదే రాశారు.

సంక్రాంతి పోటీలో ఆ జట్టు గెలవలేదు. ఆఖరి సెట్‌లో బాగా వెనుకబడిపోయారు. చూసేవారిలో సగం మంది లేచి ఇళ్లకు పోయారు. ఆ కుర్రవాడు మాత్రం చివరి పాయింటు దాకా వల దగ్గరే ఉండి, వచ్చిన ప్రతి బంతినీ ఎత్తి అందించాడు. ఆట ముగిశాక వల కింద నుంచి చెయ్యి చాచి గెలిచినవారితో చెయ్యి కలిపాడు. ఆ తరువాతనే తండ్రి దగ్గరకు పోయి ఫోన్ అడిగాడు.