మంట లేని వేడి: ప్రయోగశాలలో, ఆసుపత్రిలో మైక్రోవేవ్ తరంగాలు

వికిరణం అనే మాట వినగానే మన ఇళ్లలో ఒక భయం కలుగుతుంది. ఎక్స్‌రే గది తలుపు మీది హెచ్చరిక, క్యాన్సర్ వార్డు, అణుబాంబు అన్నీ ఒకేసారి మనసులో మెదులుతాయి. వంటింటి మైక్రోవేవ్ పెట్టెనూ కొందరు అదే వరుసలో చేర్చి, అందులో వేడి చేసిన అన్నం తినడానికి సందేహిస్తారు. ఆ సందేహం అన్నం వద్దే ఆగితే పెద్ద నష్టం లేదు. కాలేయంలోని కణితిని మైక్రోవేవ్ తరంగాలతో నశింపజేద్దామని వైద్యుడు సూచించినప్పుడు కూడా అదే భయం అడ్డు నిలిస్తే, అది ప్రాణానికి సంబంధించిన విషయమవుతుంది.

ఈ తరంగాలు సెకనుకు సుమారు 245 కోట్ల సార్లు కంపిస్తాయి. సంఖ్య పెద్దదే గాని, వీటి శక్తి స్వల్పం. రెండు కర్బన పరమాణువుల మధ్య బంధాన్ని తెంచడానికి కావలసిన శక్తితో పోలిస్తే, ఈ తరంగంలోని ఒక్కొక్క శక్తికణానికి ఉన్నది మూడు లక్షల వంతుల్లో ఒక వంతు కూడా కాదు. ఎక్స్‌ కిరణాలు అణువులను ఛేదించగలవు. మైక్రోవేవ్ తరంగాలు అణువులను కుదపగలవే తప్ప ఛేదించలేవు. నీటి అణువుకు ఒక వైపు కొద్దిపాటి ధనావేశం, మరొక వైపు ఋణావేశం ఉంటాయి. తరంగంలోని విద్యుత్ క్షేత్రం దిశ మారినప్పుడల్లా ఆ అణువు దాని వెంట తిరగబోయి, పక్క అణువులతో ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడే వేడి. పొయ్యి మీద ముందు గిన్నె కాగి, తర్వాత నీరు కాగుతుంది. ఇక్కడ నీటిలోనే వేడి పుడుతుంది.

ఈ తేడాయే రసాయన శాస్త్రజ్ఞులను ఆకర్షించింది. రాడార్ పరికరాల మధ్య పనిచేస్తున్న అమెరికా ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ 1945లో వంట పెట్టెకు పేటెంటు కోరగా, 1975లో అబూ సమ్రా, ఆయన సహచరులు జీవ నమూనాలను ఆమ్లంలో కరిగించి విశ్లేషించడానికి అలాంటి పెట్టెనే వాడారు. 1986లో కెనడాలో రిచర్డ్ గెడీ బృందం, అమెరికాలో గిగెర్, మజెటిక్ బృందం వేర్వేరుగా ఒకే సంగతి ప్రకటించాయి: మూసిన పాత్రల్లో, ఇంట్లో వాడే సాధారణ పెట్టెల్లోనే, గంటలు పట్టే సేంద్రియ రసాయన చర్యలు నిమిషాల్లో పూర్తవుతున్నాయి!

ఇందులో మర్మమేమిటి? ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక స్థూలమైన లెక్క ఉంది. 80 డిగ్రీల వద్ద మరిగే ద్రావణిని మూసిన పాత్రలో 160 డిగ్రీలకు చేర్చామనుకోండి. ఎనిమిది సార్లు రెట్టింపు అంటే 256 రెట్లు. ఎనిమిది గంటల పని రెండు నిమిషాల్లో ముగుస్తుంది.

అయినా చాలాకాలం కొందరు పరిశోధకులు ఈ లెక్కతో తృప్తి పడలేదు. వేడితో నిమిత్తం లేని ప్రత్యేక ప్రభావమేదో తరంగంలో ఉందని వాదించారు. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఆలివర్ కాపె బృందం 2009లో ఆ వాదాన్ని చక్కని ఉపాయంతో పరీక్షించింది. సిలికాన్ కార్బైడ్ పాత్ర తరంగాలను తానే పీల్చుకుని కాగుతుంది. లోపలి ద్రవానికి వేడి అందుతుంది, తరంగాలు మాత్రం దాదాపు అందవు. అదే ఉష్ణోగ్రత వద్ద గాజు పాత్రలోనూ ఈ పాత్రలోనూ చర్యలు జరిపి చూస్తే, ఫలితాల్లో భేదం కనిపించలేదు. పనిచేసింది వేడే. అద్భుతం వెదికినవారికి ఇది నిరాశ కలిగించి ఉండవచ్చు. నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన అత్యంత నిజాయితీ గల ప్రయోగం ఇదే.

వైద్యరంగంలో మైక్రోవేవ్ చేసిన గొప్ప మేలు రోగి కంటికి కనబడదు. శరీరం నుండి తీసిన ముక్కను ఫార్మాలిన్‌లో నిలువ చేసి, మైనంలో పొదిగి, పలుచని పొరలుగా కోసి పరీక్షిస్తారు. ఫార్మాలిన్ మాంసకృత్తులను ఒకదానితో ఒకటి ముడివేసి కాపాడుతుంది. కాని ఆ ముడుల వల్లే, రోగాన్ని గుర్తించడానికి వాడే ప్రతిరక్షకాలు తమ లక్ష్యాన్ని చేరలేకపోయేవి. 1991లో షి, కీ, కల్రా అనే పరిశోధకులు ఆ గాజు పలకలను ద్రావణంలో ఉంచి మైక్రోవేవ్‌లో మరిగిస్తే మరుగుపడిన గుర్తులు మళ్లీ బయటపడతాయని చూపారు. సంవత్సరాల తరబడి అలమరల్లో నిలువ ఉన్న నమూనాలు సైతం పరీక్షకు పనికి వచ్చాయి. నేడు రొమ్ము క్యాన్సర్ బాధితురాలి నివేదికలో హార్మోన్ గ్రాహకాలు ఉన్నవీ లేనివీ రాస్తారు. ఆమెకు ఏ మందు ఇవ్వాలో చాలావరకు ఆ ఒక్క పంక్తే నిర్ణయిస్తుంది. ఆ పంక్తి వెనుక ఈ మరిగింపు ఉంది. ఇదే పనికి కొన్ని ప్రయోగశాలలు ప్రెషర్ కుక్కర్ కూడా వాడతాయి!

కణితి చికిత్సలో సూదివంటి సాధనాన్ని స్కానింగ్ సాయంతో కణితిలోకి పంపి, దాని కొన నుండి తరంగాలు వదులుతారు. అరవై డిగ్రీలు దాటిన చోట కణాలు వెంటనే చనిపోతాయి. చిన్న కణితులకు ఇది అనువైనది. అన్నిటికీ కాదు, ఆ నిర్ణయం వైద్యులదే. మన దేశంలో 2016 నాటి వైద్య వ్యర్థాల నియమాలు కొన్ని రకాల వ్యర్థాలను మైక్రోవేవ్‌తో క్రిమిరహితం చేయడానికి అనుమతించాయి. శరీర భాగాలు, కణనాశక మందులు, పెద్ద లోహపు వస్తువులు అందులో వేయరాదు.

ఇంట్లో నిజంగా జాగ్రత్తపడవలసినది వేరే ఉంది. పెట్టెలో తరంగాలు సమంగా పరచుకోవు. ఒకచోట ఎక్కువ వేడి, పక్కనే తక్కువ. ప్రయోగశాల యంత్రంలో కలిపే పరికరం, ఉష్ణమాపకం ఉంటాయి. పసిపాప పాల సీసాలో ఉండవు. సీసా పైకి గోరువెచ్చగా తగిలినా లోపలి పాలు నోరు కాల్చేంత వేడిగా ఉండవచ్చు. ఆ సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలిపి, బాగా కలిపి, మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసిన తర్వాతే పట్టాలి.